ఒకసారి చదివానండి

పోయిన వారం తణుకులో ఒక పెళ్ళికి దండలు ఇచ్చి, ఖాళీ బుట్ట సర్దుకుంటున్నాను. భోజనాల దగ్గర రెండో బంతి లేస్తోంది. వేదిక పక్కన తీగ లేని మైకు పట్టుకుని ఒకాయన చదివింపులు చదువుతున్నాడు. పెద్దవాళ్ళ పేరు వస్తే గొంతు సాగదీసి, ముందు నాలుగు బిరుదులు తగిలించి, ఇచ్చిన మొత్తం దగ్గర కాస్త ఆగి, మళ్ళీ ఇంకోసారి చదువుతున్నాడు. చిన్న మొత్తాలు ఇచ్చినవాళ్ళ పేర్లు ఒక్క ఊపిరిలో కలిపి మింగేస్తున్నాడు. వింటూ వింటూ నాకు తెలియకుండానే పందిరంతా కళ్ళతో వెతికాను, మా మైకు బాబాయిగారు ఏ గుంజ పక్కనైనా నిలబడి ఉన్నారేమోనని. ఆయన పోయి రెండు వానాకాలాలు దాటాయి.

ఆయనకి ఒక పేరు ఉండేది. ఊళ్ళో ఎవరూ దాన్ని వాడలేదు కాబట్టి నేనూ వాడను. తణుకుకి దగ్గర్లో, కాలవ గట్టు మీద మా ఊరు. అక్కడ ఆయనకి మైకు సెట్టు ఉండేది. పెళ్ళికైనా, వినాయక చవితికైనా, ఎలక్షన్లకైనా అదే సెట్టు. దాని రేకు బాకా మీద తెల్ల రంగుతో అక్షరాలు రాసి ఉండేవి. మనవలు పుట్టాక నేను సాయంత్రం బడికి వెళ్ళి చదువు నేర్చుకున్నాను. బడి బయట నేను మొదట కూడబలుక్కుని చదివినవి ఆ అక్షరాలే. బాకా కట్టడానికి నిచ్చెన ఎక్కబోతూ ఆయన ఆగారు. "నెమ్మదిగా చదువమ్మా. అయ్యాకే ఎక్కుతాను" అన్నారు.

మైకు చేతిలోకి తీసుకుంటే వేలితో కొట్టి చూడటం, హలో హలో అనడం ఆయనకి లేవు. కండువా కొసతో దాని మూతి తుడిచేవారు. మొహం పక్కకి తిప్పి ఒకసారి దగ్గేవారు. అప్పుడు దగ్గరికి తీసుకునేవారు. మధ్యలో ఎవరైనా వచ్చి చెవిలో ఏదైనా చెబితే ముందు బొటనవేలితో మీట కిందికి నొక్కి, వాళ్ళ మాట విని, మళ్ళీ పైకి వేసేవారు. పందిట్లో ఎవరి గుట్టూ ఆయన మైకులోంచి బయటికి రాలేదు. బుగ్గలో ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. చదవడం పూర్తయ్యేదాకా భోజనానికి లేచేవారు కాదు. ఆఖరి బంతిలో వంటవాళ్ళతోనూ మాలాంటి పూలవాళ్ళతోనూ కూర్చునేవారు.

ఆయన చదివింపులు చదువుతుంటే గొంతుని బట్టి ఎవరు కలవాడో ఎవరు లేనివాడో పట్టుకోవడం కుదిరేది కాదు. అందరికీ ఒకటే గొంతు, అందరికీ ఒకటే "గారు". ఆడవాళ్ళ దగ్గర మాత్రం కాసేపు తగువు నడిచేది.

"మా ఆయన పేరు చదవండి బాబాయిగారూ."

"ఆయన వచ్చాడా?"

"లేదండి, చేలో ఉన్నాడు."

"మరి నడిచొచ్చింది నువ్వు కదమ్మా. నీ పేరు చెప్పు."

అలా మా ఊళ్ళో చాలామంది ఆడవాళ్ళ పేర్లు పెళ్ళిపందిళ్ళలోనే మొదటిసారి గట్టిగా వినబడ్డాయి. సత్యవతి గారు అని నా పేరు బాకాలోంచి వచ్చిన రోజు, నా పక్కన కూర్చున్నావిడ "ఎవరే ఆవిడ?" అని నన్నే అడిగింది.

మా ఊరి ప్రెసిడెంటుగారికి రొయ్యల చెరువులు ఉండేవి. చెయ్యి పెద్దది. గాలివానకి ఇళ్ళు పడిపోయినప్పుడు అందరికన్నా ముందు ఆయన ఇంట్లోనే పొయ్యి వెలిగింది. ఒక పెళ్ళిలో తన తరవాత వచ్చినాయన తనకన్నా ఎక్కువ చదివించాడని ఆయన లేచొచ్చి మళ్ళీ ఇచ్చారు. బాబాయిగారు ఆ డబ్బు పెళ్ళివారి పళ్ళెంలో వేయించి ఊరుకున్నారు.

"చదవండి మరి" అన్నారు ప్రెసిడెంటుగారు.

"ఒకసారి చదివానండి."

"ఇది వేరే కదండీ."

"మనిషి మీరేనండి."

పందిట్లో ఎవరో నవ్వారు. ప్రెసిడెంటుగారూ నవ్వేశారు. ఆ నవ్వు లోపలికి పోలేదని ఆయన వెనక్కి తిరిగినప్పుడు నాకు కనబడింది.

నా మనవరాలు శ్రావణి ఈయన మైకులోనే పాట మొదలుపెట్టింది. వినాయక చవితి పందిట్లో పిల్లలు వరసగా నిలబడి పాడేవారు. ఎవరు పాడుతున్నా బాబాయిగారు వాళ్ళకి వీపు పెట్టి, ఆంప్లిఫయరు పెట్టె మీదికి వంగి కూర్చునేవారు. ఎవరి పిల్లో, ఏ గౌను వేసుకుందో ఆయన చూడరు. పాట అయ్యాక రెండు మాటల్లో ఒకటి అనేవారు. "దాటింది" లేకపోతే "లోపలే ఉండిపోయింది". పాట మైకు దాటి బయటికి వచ్చిందా, మైకులోనే ఆగిపోయిందా అన్నది ఆయన లెక్క. శ్రావణికి ఏళ్ళ తరబడి "లోపలే ఉండిపోయిందమ్మా" అనే వచ్చింది. ఇంటికొచ్చి ఏడ్చేది, తెల్లారి లేచి కాలవ గట్టు మీద సాధన చేసేది. ఇంటర్లో చేరిన ఏడాది ఒక్కసారి "దాటింది" అన్నారు. ఆ రోజు అది అన్నం కూడా తినలేదు.

ఆ తరవాతే టీవీలో పాటల పోటీకి ఎంపికయింది. మా అల్లుడు ఆటో ఇంటి దగ్గర ఆపేసి పిల్లతో హైదరాబాదు వెళ్ళాడు. గెలిచినవాళ్ళకి సినిమాలో పాట ఇస్తామన్నారు. మొదట్లో జడ్జీలే మార్కులు వేశారు. కొద్దిమంది మిగిలాక ఇక చూసేవాళ్ళ ఓట్లే అన్నారు. ఒక్కో పిల్లకి ఒక అంకె ఇస్తారు. ఆ అంకెని సెల్లులోంచి మెసేజీ కొట్టాలి. మామూలు మెసేజీకన్నా దానికి ఎక్కువ కోస్తారు. ఒక్క సెల్లులోంచి ఎన్నైనా పంపొచ్చు. అప్పటికి మా ఊరికి సెల్లులు కొత్త. ఎన్నైనా పంపొచ్చన్న మాట విని ప్రెసిడెంటుగారు తొడ చరుచుకున్నారు.

"ఇంకేంటండి, మన పిల్ల గెలిచినట్టే." ఆ వారం నుంచే ఊళ్ళో సెల్లున్నవాళ్ళందరి చేతా మెసేజీలు కొట్టించారు.

ఒక వారం శ్రావణికి జలుబు చేసింది. ప్రెసిడెంటుగారి హాల్లో అందరం టీవీ ముందు కూర్చున్నాం. పల్లవి బాగానే ఎత్తుకుంది. చరణంలో పైకి వెళ్ళాల్సిన చోట గొంతు జారింది. దాని తరవాత జంగారెడ్డిగూడెం అవతల కొండల్లోని గూడెం పిల్ల పాడింది. చెవులకి ఏమీ లేవు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకుంది. ఆ పిల్ల పాడుతుంటే హాల్లో ఎవరూ కదల్లేదు. మా వీధి ఇడ్లీల మామ్మ "ఎవరి కడుపున పుట్టిందో తల్లి" అంది. జడ్జీలు లేచి నిలబడ్డారు. తరవాత ఓట్లు చూసి ఇంటికి పంపింది మాత్రం ఆ పిల్లనే. శ్రావణి మిగిలింది.

బయట టపాకాయలు కాల్చారు. పాటలు వెయ్యడానికి బాబాయిగారి సెట్టు ముందే మాట్లాడి ఉంచారు. ఆయన తీగలు విప్పుతూ అడిగారు.

"ఆ పిల్ల ఊళ్ళో సెల్లు పలుకుద్దా అండీ?"

"కొండల్లో టవరెక్కడిదండి. అది వాళ్ళ ఖర్మ. మనమేం చేస్తాం?" అన్నారు ప్రెసిడెంటుగారు.

"ఆయ్" అన్నారు బాబాయిగారు. మా వైపు ఆ మాటకి సరేనని అర్థం. ఆయన అన్న తీరులో సరే ఎక్కడా లేదు. పాట పెట్టి, పక్కకి వెళ్ళి నిలబడ్డారు.

మర్నాడు శ్రావణి ఫోను చేసింది.

"అమ్మమ్మా, మైకు తాతగారు చూశారా?"

"చూశారే."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు."

"చరణంలో జారింది అమ్మమ్మా. ఇక్కడ ఎవ్వరూ ఆ మాట అనట్లేదు. నీకు ఊరి బలం బాగుంది అంటున్నారు. నేను పాడితే ఉన్నానో, ఊరు ఉంటే ఉన్నానో తెలీట్లేదు నాకు."

"పిచ్చిదానా, ఎలాగైతేనేం, ఉన్నావు కదా" అన్నాను. అది ఫోను వాళ్ళ నాన్నకి ఇచ్చేసింది.

ఆఖరికి ఇద్దరు మిగిలారు. మా శ్రావణి, హైదరాబాదు అబ్బాయి ఒకడు. హైదరాబాదులో ఎన్ని సెల్లులుంటాయో తలుచుకుంటేనే మాకు నిద్ర పట్టలేదు. అప్పుడు ప్రెసిడెంటుగారికి ఒక ఆలోచన వచ్చింది. పంచాయతీ ఆఫీసు ముందు పందిరి వేసి, పెళ్ళిలో చదివింపుల్లా ఓట్లు చదివిద్దామన్నారు. ఇచ్చిన డబ్బుకి తగ్గ ఓట్లు అక్కడికక్కడే సెల్లుల్లోంచి కొట్టేస్తారు.

"మైకులో పేరు వినబడితే చెయ్యి దానంతటదే జేబులోకి పోద్ది" అన్నారాయన. ఊరంతా ఒప్పుకుంది. చదివే మనిషి ఎవరన్నది ఎవరూ అడగను కూడా లేదు.

నాకు మనసు ఆగక ముందురోజు బాబాయిగారి కొట్టుకి వెళ్ళాను. ఆయన ఏదో తీగకి టంకం పెడుతున్నారు.

"రేపు మీరే చదవాలి బాబాయిగారూ."

"చదువుతానమ్మా. పిలిస్తే రానన్నానా ఎప్పుడైనా? పేరు చదవనా, ఓట్లు చదవనా?"

"రెండూ చదవండి."

"మనిషి ఒకడు, ఓట్లు వంద అయితే?"

"వందా అనండి. మీ నోటితో అంటే జనం ఇస్తారు. మీ మాట మీద ఊళ్ళో ఎవరికీ అనుమానం లేదు."

టంకం కడ్డీ పక్కన పెట్టి ఆయన నా మొహంలోకి చూశారు. "అందుకేనమ్మా నాకు భయం" అన్నారు.

సాయంత్రానికి పందిరి నిండిపోయింది. బల్ల మీద సెల్లులు వరసగా పెట్టి కాలేజీ పిల్లలు వేళ్ళు విరుచుకుంటున్నారు. బాబాయిగారు మైకు మూతి తుడిచి, పక్కకి దగ్గి, మొదలుపెట్టారు. ఫలానా గారు, శ్రావణికి యాభై ఓట్లు. ఫలానా గారు, శ్రావణికి నూరు ఓట్లు. అదే గొంతు. ప్రెసిడెంటుగారు వెయ్యి చదివించారు. నూనె మిల్లాయన అంతకు మించి చదివించాడు. ప్రెసిడెంటుగారు మళ్ళీ లేచారు.

"ఒకసారి చదివానండి" అన్నారు బాబాయిగారు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. "ఇది పెళ్ళి కాదండి. పిల్ల బతుకు" అన్నారు ప్రెసిడెంటుగారు. నేను పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. "ఓట్లు పంపించేయండి బాబూ, ఎవరు వద్దన్నారు. పేరు మాత్రం ఒకసారేనండి" అన్నారు బాబాయిగారు. బల్ల దగ్గర వాళ్ళు మెసేజీలు కొడుతూనే ఉన్నారు. ప్రెసిడెంటుగారు కుర్చీ వెనక్కి లాక్కుని కూర్చున్నారు.

అప్పుడు వచ్చింది ఇడ్లీల మామ్మ. ఇడ్లీలు అమ్మిన డబ్బు కొంగుముడి విప్పి, నోట్లు చదును చేసి, బాబాయిగారి ముందు పెట్టింది.

"ఇది పిల్లకి ఎప్పుడు చేరుద్ది బాబూ?"

ఆయన బొటనవేలు మీట మీదే ఉంది. నేను ఎదురుగానే ఉన్నాను, చూశాను. ఎప్పుడూ పక్క మాటకి కిందికి నొక్కే మీటని ఆయన ఆ రోజు నొక్కలేదు.

"చేరదమ్మా."

ఆ మాట బాకాలోంచి వెళ్ళి కాలవ అవతల ఇళ్ళకి తగిలి వెనక్కి వచ్చింది.

"చేరదా? మరెవరికి పోద్ది?"

"ఫోనోళ్ళకి, టీవీవోళ్ళకి."

"పిల్లకేటి మరి?"

"అంకె చేరుద్దమ్మా."

మామ్మ అంతసేపూ దాన్ని పెళ్ళి చదివింపు అనే అనుకుంది. మామ్మ ఒక్కతే కాదు. పందిట్లో సగంమంది తల తిప్పి పక్కవాళ్ళ మొహం చూసుకున్నారు. చదివింపంటే పెళ్ళికూతురి పళ్ళెంలోకి వెళ్ళేదే కదా మాకు తెలిసింది. ప్రెసిడెంటుగారు లేచి వచ్చారు.

"ఇప్పుడా మాట అవసరమా అండీ?"

"ఆవిడ అడిగింది కదండీ."

మామ్మ నోట్లన్నీ మళ్ళీ తీసుకుంది. ఒక చిన్న నోటు మాత్రం ముందుకి తోసింది. "ఒక ఓటు వెయ్యి బాబూ. నా ఇడ్లీలు తిని పెరిగింది. మిగతాది వచ్చాక దాని చేతిలోనే పెడతాను."

"అప్పలనరసమ్మ గారు, శ్రావణికి ఒక ఓటు" అని చదివారు బాబాయిగారు, వెయ్యి ఓట్లు చదివిన గొంతుతోనే.

మామ్మ వెనకాల వరసలో ఉన్నావిడ కూడా ఒకటి అంది. ఆ వెనకాయన ఒకటి అన్నాడు. ఒకటి, ఒకటి, ఒకటి. అక్కడ హైదరాబాదులో ఎన్ని వేల సెల్లులు మోగుతున్నాయో. ప్రెసిడెంటుగారు చెయ్యి చాపారు.

"మైకు ఇటివ్వండి. నేను చదువుతాను."

"ఆయ్. అద్దెకిచ్చానండి, అడ్డం పెట్టుకోను" అని బాబాయిగారు మైకు తుడిచి మరీ ఇచ్చారు. ప్రెసిడెంటుగారు గొంతు సాగదీసి తన పేరు తనే చదువుతుంటే జనం చెప్పులు వెతుక్కున్నారు.

శ్రావణి ఓడిపోయింది. ఎంత తేడాతో ఓడిందో టీవీవాళ్ళు చెప్పలేదు. ఎవరికి ఎన్ని వచ్చాయో ఇప్పటికీ మాకు తెలియదు. మర్నాడు టీ కొట్టు దగ్గర ప్రెసిడెంటుగారు అందరి ముందూ అన్నారు, "హైదరాబాదోళ్ళు ఓట్లు కొనేశారండి. ఇదేం న్యాయం?"

పక్క బల్ల మీద కూర్చున్న బాబాయిగారు గ్లాసు దించారు. "ఆ కొండల్లో గూడెంలో కూడా మన గురించి ఇలాగే అనుకుని ఉంటారండి."

తప్పు మాత్రం ఆయనదేనని ఊళ్ళో తేలిపోయింది. "అత్తయ్యా, ఆయన ఆ ఒక్క మీట నొక్కుంటే నా కూతురు గెలిచేది" అని మా అల్లుడు ఫోనులో ఏడ్చాడు. తరవాత వచ్చిన పెళ్ళికి తణుకు నుంచి సెట్టు తెప్పించారు. నేను దండలు పట్టుకుని ఆయన కొట్టు ముందునుంచే వెళ్ళాను. ఆయన మైకు ఒళ్ళో పెట్టుకుని తుడుస్తున్నారు. అది అప్పటికే మెరుస్తోంది. ఆయన తలెత్తలేదు, నేను ఆగలేదు.

శ్రావణి వచ్చిన రోజు బస్సు దిగి ఇంటికి తిరగలేదు. బ్యాగు భుజాన వేసుకుని తిన్నగా బాబాయిగారి కొట్టుకి నడిచింది. వెనకాల వాళ్ళ నాన్న, ఆ వెనకాల నేను. టీ కొట్టులోవాళ్ళు లేచి నిలబడ్డారు. పిల్ల ఆయన్ని ఏమంటుందోనని నేను అడుగు పెంచాను.

"తాతగారూ, ఆ రోజు మైకులో చెప్పింది మీరేనంట కదా."

"ఆయ్. నేనేనమ్మా."

"అలా చెప్పకపోతే గెలిచేదాన్నంట."

"అయ్యుండొచ్చమ్మా."

ఇంకొక్క ముక్క కలపలేదు ఆయన. తనని వెనకేసుకు వచ్చే మాట ఒక్కటైనా అంటారేమోనని నేను ఎదురుచూశాను. శ్రావణి కూడా చూసింది. తరవాత బ్యాగు కింద పెట్టింది.

"నా పాట ఎలా ఉందో మాత్రం ఒక్కసారీ కబురు పెట్టలేదు మీరు."

"టీవీది నా మైకు కాదు కదమ్మా."

"అయితే మీ మైకు పెట్టండి."

ఆయన లేచి సెట్టు తీగ గుచ్చారు. పెట్టె గుయ్యిమని వేడెక్కింది. మైకు మూతి కండువాతో తుడిచి దాని చేతికిచ్చి, స్టూలు గోడ వైపు తిప్పుకుని, మాకు వీపు పెట్టి కూర్చున్నారు. అది ఆ జలుబు రోజు పాటే ఎత్తుకుంది. పల్లవి వీధిలోకి వెళ్ళింది. సైకిలు మీద పోయేవాళ్ళు కాలు కింద పెట్టారు. చరణంలో ఆ చోటికి వచ్చేసరికి నేను కళ్ళు మూసుకున్నాను. ఈసారి జారలేదు. కానీ జారుతుందేమోనన్న భయం గొంతులో ఉంది, అది నాకూ వినబడింది.

పాట అయ్యాక ఆయన వెనక్కి తిరక్కుండానే అన్నారు.

"పల్లవి దాటింది. చరణం లోపలే ఉండిపోయింది."

మా అల్లుడు "చూశావా అత్తయ్యా" అని ముందుకి రాబోయాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. శ్రావణి భుజాలు కిందికి దిగాయి. ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. హైదరాబాదు వెళ్ళినప్పటినుంచి టీవీలో ఎన్నిసార్లు చూశానో, ఆ నవ్వు ఒక్కసారీ చూడలేదు.

"నాకు తెలుసు తాతగారూ. ఎవరో ఒకరు అంటారేమోనని చూస్తున్నాను ఇన్నాళ్ళూ."

"మళ్ళీ పాడమ్మా" అన్నారు. ఎవరి కోసమూ దేన్నీ రెండోసారి చదవని మనిషి, బుగ్గలో లవంగం అటునుంచి ఇటు మార్చుకుని, మళ్ళీ గోడ వైపు తిరిగి కూర్చున్నారు.